వస పోసిన మాటలు వచ్చునా?

గలగల మాటలాడు పిల్లను చూచినప్పుడు "దీనికి వాళ్ళమ్మ వస బాగా పోసినట్టుంది" అని మన పల్లెలలో పెద్దలు నవ్వుకొందురు. వసపిట్ట యని ముద్దుపేరును పెట్టుదురు. పురిటి దినములు గడచిన పిమ్మట వసకొమ్మును సానమీద అరగదీసి, తేనెతో గాని తల్లిపాలతో గాని రంగరించి శిశువు నాలుకకు రాచుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. కృష్ణానది ఒడ్డున నున్న ముక్త్యాలలోను, జగ్గయ్యపేట, నందిగామ మెట్ట గ్రామములలోను నేటికిని ఈ వాడుకను ఎరిగిన ముదుసలులు కలరు. ఈ ప్రాంతము 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది గాని, ఇండ్లలోని ఆచారములు జిల్లాతో మారునవి కావు.

ఈ ఆచారమును పరిహసించుట మా ఉద్దేశము కాదు. బిడ్డకు మాటలు రావలెనను కోరిక పెద్దలకు ఎంత గాఢమైనదో దీనివలన తెలియుచున్నది. అయితే వస కడుపులోనికి పోయినచో పసివారికి వాంతులు, మగత కలుగుచున్నవని వైద్యులు గుర్తించియున్నారు. తేనెను సంవత్సరము నిండని బిడ్డకు ఇయ్యనే కూడదు. వస మాట తెచ్చునది కానిచో, మాట ఎక్కడనుండి వచ్చును?

ఈ ప్రశ్నను పూర్వము అక్బరు చక్రవర్తియు వేసికొనెను. మానవుని సహజమైన భాష ఏదియో తెలిసికొనగోరి, కొందరు శిశువులను ఒక భవనములో ఉంచి, వారియెదుట ఎవరును నోరు మెదపకుండునట్లు దాదులను నియమించి పెంపించెను. కొన్ని సంవత్సరములకు, 1582లో, పోయి చూడగా ఒక్క బిడ్డ నోటనైనను మాట వెలువడలేదని ఆయన ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ వ్రాసియున్నాడు. ఆ భవనమునకు గుంగ్ మహల్, అనగా మూగ మేడ, యను పేరు నిలిచినది. ఆ పిల్లలకు తిండికి లోటు లేదు, బట్టకు లోటు లేదు. లోటంతయు తమతో మాటలాడువారు లేకపోవుటయే.

పుట్టుటకు ముందే వినుట

అభిమన్యుడు తల్లిగర్భమున ఉండియే పద్మవ్యూహపు ముచ్చట వినెనని భారతకథ చెప్పును. వ్యూహముల సంగతి ఎట్లున్నను, గర్భమందలి శిశువు ఆరవ నెల దాటిన పిమ్మట తల్లి కంఠమును వినుట మాత్రము నేటి శాస్త్రము ఒప్పుకొన్న విషయము. పుట్టిన కొద్ది దినములకే ఇతరుల కంఠములనుండి తల్లి కంఠమును వేరుపరచి గుర్తింపగలదు. పసిబిడ్డ చెవి మన చెవికంటె చురుకైనది. మన తకారమునకు టకారమునకు గల భేదము తెలుగువారికి సులభము. ఆంగ్లేయులకు అది దుర్లభము. అయినను ఆంగ్లము మాట్లాడు ఇండ్లలోని ఆరు, ఎనిమిది నెలల శిశువులు హిందీలోని ఈ రెండు ధ్వనులను వేరుపరచగలుగుచున్నారనియు, సంవత్సరము నిండవచ్చునప్పటికి ఆ శక్తి వారియందు సన్నగిల్లుచున్నదనియు 1984లో కెనడా దేశపు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఇంటిలో వినబడని ధ్వనిని చెవి విడిచిపెట్టును. వినబడు ధ్వనిని పట్టుకొనును. కనుక ఊయలలోని బిడ్డకు ఏమి తెలియునని ఊరకుండుట పెద్ద పొరపాటు. నోరు తెరవకమునుపే ఒక సంవత్సరకాలము బిడ్డ భాషను కూడబెట్టుకొనుచున్నది.

మాటకు మారుమాట

అయినచో బిడ్డయెదుట ఎడతెగక మాటలాడుచుండిన చాలునా? చాలదు. రెండు మూడు నెలల బిడ్డ "ఉంగా" అన్నప్పుడు అమ్మమ్మ ఏమి చేయునో గమనింపుడు. "ఏందయ్యా, ఆకలేసిందా? అమ్మ వస్తుందిలే" అని బదులు చెప్పి, ఒక్క క్షణము ఆగి, బిడ్డ మొగమువంక చూచును. బిడ్డ మరల "ఉంగా" అనును. అమ్మమ్మ మరల పలుకును. బిడ్డ చేసిన ధ్వనికి అర్థమున్నట్లే భావించి బదులు చెప్పి, దానివంతు కొరకు వేచియుండుట. ఇదియే భాష నేర్పుటలోని కీలకము. ఏ శిక్షణయు లేకయే మన ముసలివారు ఈ విద్యను ఎరుగుదురు. చిన్న కుటుంబములు పెరిగి, అమ్మమ్మ ఒక ఊర, మనుమడు ఒక ఊర ఉండుటచే ఈ విద్య ఇండ్లనుండి జారిపోవుచున్నది.

పసివారికొరకు తెలుగువారు ఒక చిన్న నిఘంటువునే కల్పించుకొనినారు. అన్నము బువ్వ, స్నానము లాల, దేవుడు జేజి, నిద్ర బజ్జో. వీనిని ఎగతాళి చేయుట తగదు. ఇందు పెక్కు మాటలు పెదవులు కలిపి గాని, నాలుక కొనను పండ్లకు తాకించి గాని పలుకునవి. రెండేసి అక్షరములకు మించనివి. అమ్మ, తాత, మామ, అత్త యను వావులును అట్టివే. బిడ్డ నోటికి మొదట అలవడు ధ్వనులు ఇవియే గదా! ర, ళ, ణ వంటివి ఆలస్యముగా వచ్చును. మూడేండ్ల పిల్లవాడు "నాన్న లాలేదు" అన్నచో వానిని నిలువరించి "రా అను, రా అను" అని వేధించుట వలన ప్రయోజనము లేదు. "అవునయ్యా, నాన్న రాలేదు. చేనికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళాడు" అని తాము సరిగా పలికి, దానికి మరి రెండు మాటలు చేర్చిన చాలును. రెండు, నాలుగు ఏండ్ల మధ్య కొందరు పిల్లలు మాట తడబడి, మొదటి అక్షరమునే పదేపదే పలుకుదురు. అది పెక్కుమందిలో దానంతట అదే పోవును. నవ్విన, గద్దించిన బలపడును.

దీనికి ప్రత్యేకముగా వేళ కేటాయింపనక్కరలేదు. ముక్త్యాల ఇల్లాలు బిడ్డకు నీళ్ళు పోయునప్పుడు చేయి, కాలు, చెవి, ముక్కు పేరు పేరున పలుకవచ్చును. కల్లములో తాలుకాయ ఏరుచు, "ఇది ఎర్రకాయ, ఇది తాలుకాయ, ఇది బుట్టలో వెయ్యి" అనవచ్చును. రేవునకు తీసికొనిపోయినపుడు పడవను, కొంగను, ఆవలి ఒడ్డును చూపవచ్చును, గుడిలో గంట మ్రోగగానే "ఏం మోగింది?" అని అడిగి ఆగవచ్చును. బిడ్డ దేనివంక చూచుచున్నదో దానిని గూర్చియే మాటలాడవలెను. మేకపిల్లను చూచు బిడ్డ మొగమును మరలించి గోడమీది అక్షరములను చూపువారు కలరు. వారి ఆతురత మెచ్చదగినదే గాని, మేకపిల్లయే మేలైన పాఠము. చెమ్మచెక్క, దాగుడుమూతలు, జోలపాటలు, రాత్రి కథలు అన్నియు ఇందులోనివే. తండ్రులకు ఇది తమ పని కాదను భావము కొంత కలదు. సాయంకాలము అరుగుమీద గడపు గంటలో పావుగంట బిడ్డకు కేటాయించిన తండ్రికి పోవునదేమియు లేదు.

చేతిఫోను దాది

నేడు అన్నము తినిపించుటకు ఫోనులోని బొమ్మను చూపుట పల్లెలలోను సాధారణమైనది. అందులో తెలుగు పాటలే వచ్చుచున్నవి గదా, మాటలు నేర్చునుగదా యని తల్లులు అడుగుదురు. దీనికి సమాధానము 2003లో అమెరికాలో జరిగిన ఒక పరీక్షలో దొరకుచున్నది. ప్యాట్రీషియా కూల్ అను శాస్త్రజ్ఞురాలు తొమ్మిది నెలల శిశువులకు చీనా భాషా ధ్వనులను వినిపించెను. ఎదుట కూర్చుండి ఆడించుచు మాటలాడిన మనిషినుండి శిశువులు ఆ ధ్వనులను పట్టుకొనిరి. అదే మనిషి, అవే మాటలు, తెరమీద చూపినప్పుడు ఏమియు నేర్వలేదు. తెర బిడ్డకు బదులు చెప్పదు. బిడ్డ "ఊ" అన్నను ఆగదు. సంవత్సరము లోపు బిడ్డకు తెర అసలే కూడదనియు, రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు ఒక గంటకు మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. మన దేశపు పిల్లల వైద్యుల సంఘము 2021లో రెండేండ్ల వరకు కూడదనెను. దూరదేశమందున్న మేనత్తతో ఫోనులో చూచుచు మాటలాడుట మాత్రము వేరు. ఆమె బదులు చెప్పును గనుక.

అయితే తల్లిని నిందించుట సులభము. మిరపకోతలకు, ప్రత్తి తీతకు తెల్లవారకమునుపే చేనికి పోయి, చీకటి పడిన పిదప ఇల్లు చేరు కూలిస్త్రీ బిడ్డతో మాటలాడుటకు ఓపిక ఎక్కడనుండి తెచ్చుకొనును? ఆ నెలలలో బిడ్డ కంటిచూపు తగ్గిన అవ్వ వద్దనో, ఏడెనిమిదేండ్ల అక్క వద్దనో ఉండును. అక్క బడి మానును; తమ్ముని చేతిలో ఫోను ఉండును. ఒకే ఇంటిలో ఇద్దరి చదువు చెడుచున్నది. ఇది తల్లి ఒక్కతె తీర్చుకొనగల చిక్కు కాదు. ఇచ్చటనే పంచాయతీతో పని యున్నది. దానిని తుదిలో మనవి చేయుదుము.

ఏ భాష?

మెట్ట ప్రాంతపు తండాలలో లంబాడీ భాష ఇంటిభాష. జగ్గయ్యపేటలో ఉర్దూ మాట్లాడు కుటుంబములు కలవు. "మా పిల్ల బడిలో వెనుకబడుతుంది, ఇంట్లో మా మాట మానేద్దామా?" అని అడుగు తల్లిదండ్రులు కలరు. మానరాదు. తల్లికి బాగుగా వచ్చిన భాషలోనే ఆమె కథ చెప్పగలదు, వేళాకోళమాడగలదు, బుజ్జగింపగలదు. ఒక భాష గట్టిగా పాదుకొనిన బిడ్డకు రెండవది సులభముగా అలవడును. రెండు భాషలు వినుటచే మాటలు ఆలస్యమగునను భయమునకు ఆధారము లేదు. తెలుగు ఇండ్లలో మరియొక చోద్యము. తమకు పూర్తిగా రాని ఇంగ్లీషులో "కమ్", "గో", "ఈట్" అను నాలుగు ముక్కలతో బిడ్డను పెంచుచున్నారు. బిడ్డకు దొరకునది ఆ నాలుగు ముక్కలే. ఇంగ్లీషు బడిలో వచ్చును. మూడేండ్లలోపల బిడ్డకు కావలసినది పుష్కలమైన మాట. అది అమ్మ నోట ఏ భాషలో పుష్కలమో ఆ భాషయే మేలు.

వినబడని బిడ్డ

ఎంత మాటలాడినను వినబడని బిడ్డకు మాటలు రావు. మేము ఈ వ్యాసములో అన్నిటికంటె ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే. ప్రతి వేయిమంది శిశువులలో ఒకరో, కొందరో పుట్టుచెవుడుతో పుట్టుచున్నారు. మేనరికపు వివాహములలో ఈ ప్రమాదము అధికము; మేనమామను, మేనత్త కొడుకును చేసికొనుట మన ప్రాంతమున నేటికిని కలదు గనుక ఈ సంగతిని దాచుట మంచిది కాదు. గర్భిణికి సోకిన రుబెల్లా జ్వరము, నెలలు నిండకయే పుట్టుట, పుట్టిన వెంటనే ముదిరిన పచ్చకామెర్లు, మెదడువాపు ఇతర కారణములు. తొమ్మిదవ నెలలోను, పదునారవ నెల మొదలుకొనియు వేయు తట్టు, రుబెల్లా టీకా ఇందుకు సగము రక్ష.

చెవుడు కంటికి కనబడదు. చెవిటి శిశువును మొదటి నెలలలో "ఉంగా" అనును, నవ్వును, తల్లి మొగము చూచి పొంగిపోవును. అందుచే ఇంటివారు కనిపెట్టలేరు. ఆరేడు నెలల తరువాత "బాబాబా", "తాతాతా" అను పలుకులు రావలసిన వేళ ఆ బిడ్డ నిశ్శబ్దమగును. అప్పుడును "వీడి మేనమామకు కూడా నాలుగేళ్ళకు గానీ మాటలు రాలేదండీ" అని ఇంటివారు ధైర్యము చెప్పుకొందురు. నాలుగేండ్లు గడచును. బిడ్డను బడిలో వేయబోవునపుడు సంగతి బయటపడును. అప్పటికి మాట నేర్చు వేళలో పెద్దపాలు గతించియుండును. కొందరు నాలుక క్రింది తీగ అడ్డమని కోయింతురు. ఆ తీగ వలన పాలు త్రాగుటకు గాని, కొన్ని అక్షరములకు గాని ఇబ్బంది కలుగవచ్చును. అసలు మాటయే రాకపోవుటకు అది కారణము కాదు.

వైద్యులు దీనికి ఒక గడువు పెట్టుకొనియున్నారు. ఒక నెలలోపల వినికిడి పరీక్ష, మూడు నెలలలోపల నిర్ధారణ, ఆరు నెలలలోపల చికిత్స. పరీక్ష యంత్రముతో కొద్ది నిమిషములలో ముగియును. బిడ్డకు నొప్పి లేదు. వినికిడి యంత్రము పెట్టి, లేదా అవసరమైనచో చెవిలోపల శస్త్రచికిత్సతో పరికరమును అమర్చి, మాటలలో శిక్షణ నిచ్చినచో పుట్టుచెవుడు గల బిడ్డలు పెక్కుమంది చక్కగా మాటలాడుచున్నారు. ఆలస్యమైనవారికి సంజ్ఞాభాష కలదు, అదియు భాషయే. ఏ భాషయు లేకుండ పెరుగుటయే అన్యాయము.

ఇంటిలో గమనింపవలసినవి కొన్ని కలవు. వెనుకనుండి పళ్ళెము మ్రోగించినను మూడు నెలల బిడ్డ ఉలికిపడకపోవుట. తొమ్మిది నెలలకు పేరు పెట్టి పిలిచిన తిరిగి చూడకపోవుట. సంవత్సరమునకు వ్రేలితో చూపుట గాని, చేయి ఊపి వెళ్ళివత్తునని చెప్పుట గాని లేకపోవుట. ఒకటిన్నర సంవత్సరమునకు అర్థవంతమైన మాట రాకపోవుట. రెండేండ్లకు "అమ్మ రా", "పాలు ఇయ్యి" వంటి రెండు మాటల కూర్పు లేకపోవుట. వచ్చిన మాటలు ఏ వయసుననైనను పోవుట. వీనిలో ఏ ఒక్కటి కనబడినను వేచియుండక చూపింపవలెను. పళ్ళెపు మ్రోతకు ఉలికిపడినంత మాత్రమున చెవి బాగున్నదని నిశ్చయింపరాదు. కొందరికి పెద్ద చప్పుడు వినబడి మాట మాత్రము వినబడదు. చెవినుండి చీము కారు బిడ్డకు కాచిన నూనె పోయుట మాని ఆసుపత్రికి కొనిపోవలెను.

చూపించుటకు మార్గములు ఉన్నవి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టినది మొదలు పదునెనిమిదేండ్ల వరకు పిల్లలలోని లోపములను, ఎదుగుదలలో ఆలస్యమును పరీక్షింతురు. వినికిడిలోపము, మాట ఆలస్యము ఇందు చేరియున్నవి. వైద్యబృందము అంగన్‌వాడీకి సంవత్సరమునకు రెండు పర్యాయములు రావలసియున్నది. 2018 నాటి ఏర్పాటు ప్రకారము ఆశా కార్యకర్త మూడవ, ఆరవ, తొమ్మిదవ, పన్నెండవ, పదునైదవ నెలలలో బిడ్డ ఇంటికి పోవలెను. మాతాశిశు సంరక్షణ కార్డులో ఏ నెలకు ఏ ఎదుగుదల రావలెనో బొమ్మలతో ముద్రించియున్నారు. ఆ కార్డు పెక్కు ఇండ్లలో టీకాల తేదీ చూచుటకే బయటికి వచ్చును.

పంచాయతీ చేయగలిగినది

ఇదంతయు ఇంటి వ్యవహారము, పంచాయతీకి ఏమి సంబంధమని కొందరు సభ్యులు అనవచ్చును. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన పదునొకండవ షెడ్యూలులో స్త్రీ శిశు అభివృద్ధి పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ఒకటి. అంతకు మునుపే, 1953లో దుర్గాబాయి దేశముఖ్ అధ్యక్షతన ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు గ్రామములలో బాలవాడీలకు తోడ్పడెను. 1975 అక్టోబరు 2న దేశమున 33 చోట్ల ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము నుండి అంగన్‌వాడీలు వచ్చినవి. మూడేండ్లలోపు పిల్లలకు ఇంటిలో చేయదగిన ఆటపాటలను నెలవారీగా కూర్చి 2024లో కేంద్ర ప్రభుత్వము నవచేతన యను ప్రణాళికను వెలువరించినది. కాగితములకు కొరత లేదు. వానిని ఇంటి గడప దాటించు మనుషులు కావలెను.

అట్లు దాటించిన దేశమొకటి కలదు. జమైకా ద్వీపమున కింగ్‌స్టన్ నగరపు బీదవాడలలో 1986, 87 సంవత్సరములలో ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసిపిల్లలను ఎంచుకొనిరి. కొందరి ఇండ్లకు వారమునకు ఒక గంట చొప్పున రెండేండ్లపాటు ఆరోగ్య సహాయకురాండ్రు పోయి, పారవేసిన డబ్బాలు, పెట్టెలతో చేసిన బొమ్మలతో బిడ్డను ఎట్లు ఆడించి మాటలాడింపవలెనో తల్లికి చూపిరి. ఇరువది యేండ్ల పిమ్మట విచారింపగా, ఆ పిల్లల సంపాదన అట్టి సహాయము పొందనివారికంటె నూటికి 25 వంతులు అధికముగ నుండెను. పోయినవారు పండితులు కారు. ఆ వాడల స్త్రీలే.

మన పంచాయతీకి మొదటి పని జనన రిజిస్టరుతోనే ప్రారంభము కావచ్చును. ఊర ఈ సంవత్సరము పుట్టిన బిడ్డలెందరు, వారిలో వినికిడి పరీక్ష జరిగినది ఎందరికి యను పట్టికను ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల సహాయముతో వ్రాసి గ్రామసభలో చదివింపవచ్చును. పేర్లు చదువనక్కరలేదు, లెక్క చాలును. పరీక్ష కానివారిని వైద్యబృందము వచ్చు దినమున అంగన్‌వాడీకి రప్పించుట, ప్రభుత్వ ఆసుపత్రికి పంపబడిన బిడ్డ నిజముగా పోయినదో లేదో వారమునకొకసారి విచారించుట ఒక సభ్యునికి ఒప్పగింపవలెను. ఒక దినపు కూలి పోవునని ప్రయాణము మానుకొను కుటుంబములు కలవు. అట్టివారికి బస్సు ఖర్చును, తోడుగా ఒక మనిషిని ఏర్పాటు చేయుట పంచాయతీ చేతిలోని పని.

రెండవది కోతలకాలపు శిశుసంరక్షణ. 2005 నాటి గ్రామీణ ఉపాధిహామీ చట్టము పనిస్థలమునకు ఆరేండ్లలోపు పిల్లలు అయిదుగురో అంతకు మించియో వచ్చినచో వారిని చూచుటకు ఒక స్త్రీని నియమింపవలెనని నిబంధించినది. రైతు సొంత చేనిలోని మిరపకోతకు అట్టి నియమము లేదు. అయినను ఊరిలోని రైతులు తలా కొంత వేసికొని, పంచాయతీ ఒక గదియో, చెట్టునీడయో చూపి, త్రాగునీరు ఏర్పాటు చేసి, కోతల నెలలలో పిల్లల నొకచోట చేర్చుట అసాధ్యము కాదు. కూలివారు నిశ్చింతగా పనిచేయుదురు; అక్కలు బడికి పోవుదురు. ఆ పిల్లలను చూచుటకు ఎన్నుకొను అవ్వకు చదువు రాకపోయినను ఫరవాలేదు. ఓర్పు, శుభ్రత ఉండవలెను. నాలుగు కథలు, పది పాటలు తెలిసియుండవలెను. ఊరివారు ఆమెను వసపిట్ట యని వేళాకోళమాడుచున్నచో మరియు మంచిది.